ఆయమ్మ చదవగలిగే కాగితం

మా బాబుకి ఏం పడదో, ఆయాసం వస్తే ఏ మందు ఎంత ఇవ్వాలో, ఎవరికి ఫోన్ చేయాలో అన్నీ రాసిన కాగితం ఒకటి ప్లేస్కూల్లో చేర్చిన రోజే ఇచ్చాం. డాక్టరు గారు సంతకం చేసి స్టాంపు వేసిన కాగితం. ప్రిన్సిపాల్ మేడం దాన్ని ఫైల్లో పెట్టి, ఆ ఫైలుని ఆఫీసు రూము బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లల చేతికి అందకూడదని ఇన్‌హేలరు, దానికి తగిలించే గొట్టం లాంటి స్పేసరు కూడా అందులోనే ఉంచారు. అశ్రద్ధ కాదు, జాగ్రత్త కొద్దీ చేసిందే. కానీ అవసరం పడిన రోజున మేడం విజయవాడలో ఉన్నారు, తాళంచెవి ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉంది. కాగితం ఇంగ్లీషులో ఉంది. వాడి పక్కన ఉన్నది ఆయమ్మ.

మాది గుంటూరు. మావాడికి రెండో ఏడు వచ్చిన దగ్గర్నుంచీ జలుబు చేసిందంటే చాలు, రాత్రికల్లా పిల్లికూతలు మొదలయ్యేవి. డొక్కలు ఎగరేస్తూ, పడుకోబెడితే దగ్గు ఎక్కువై, నా భుజం మీద నిటారుగా ఉంటేనే కాస్త కునుకు తీసేవాడు. నెబ్యులైజర్ పెట్టించడానికి అర్ధరాత్రి బండి మీద వాణ్ణి ఒళ్లో పెట్టుకుని వెళ్లిన రోజులు ఎన్నో. చివరికి పిల్లల డాక్టరు గారు ఇది ఉబ్బసమేనని చెప్పి రెండు ఇన్‌హేలర్లు రాశారు. ఒకటి ఊపిరి గొట్టాల్లో వాపు తగ్గించేది. ఆయాసం ఉన్నా లేకపోయినా రోజూ రెండు పూటలా వాడాలి. రెండోది సాల్బుటమాల్, ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే. "పసివాడికి అప్పుడే ఇన్‌హేలరా, అలవాటైపోతే ఎలా?" అని మా అత్తయ్య గారు చాలా బెంగపెట్టుకున్నారు. సిరప్ అయితే ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి కాబట్టి మిల్లీగ్రాముల్లో తాగించాలి, ఇది నేరుగా వెళ్తుంది కాబట్టి మైక్రోగ్రాములు సరిపోతాయి అని డాక్టరు గారు ఆవిడకే ఓపిగ్గా చెప్పారు. ఇప్పుడు రెండు పూటలా వాడికి మాస్కు పట్టేది ఆవిడే.

ఉబ్బసంతో పాటు వాడికి జీడిపప్పు పడదు. ఏడాదిన్నర వయసులో రవ్వకేసరిలో ఒక పలుకు నోట్లోకి వెళ్తే పెదవి వాచి, మెడంతా దద్దుర్లు లేచాయి. చేతి మీద సూదితో గీకి చేసే పరీక్షలో జీడిపప్పు, పిస్తా రెండింటికీ పొక్కులు వచ్చాయి. అవి రెండూ దగ్గరి చుట్టాలట, ఒకటి పడకపోతే రెండోదీ చాలామందికి పడదట. మామిడి కూడా అదే కుటుంబం అని విన్నాక ఆ వేసవి మొత్తం బంగినపల్లి ఇంట్లోకి తేలేదు. వాడు అంతకుముందు మామిడిపండు తిని బాగానే ఉన్నాడు కాబట్టి మానక్కర్లేదని డాక్టరు గారు చెప్పేదాకా తేలేదు. భయం అలాంటిది.

ఆ రోజు సంగతి చెబుతాను. తోటి పాప వాళ్లు తిరుపతి వెళ్లొచ్చి స్కూలుకి లడ్డూ పంపించారు. ఆయమ్మ దాన్ని కళ్లకద్దుకుని, చిదిపి, పిల్లలందరికీ చిటికెడు చిటికెడు చేతిలో పెట్టింది. మావాడికి జీడిపప్పు పడదని ఆవిడకి తెలుసు. చేర్చిన రోజున నేనే నోటితో చెప్పాను. అందుకని వాడికి ఇచ్చే ముందు కనిపించిన జీడిపప్పు పలుకులన్నీ ఏరేసి, ఒట్టి బూందీ మాత్రమే పెట్టింది. ప్రసాదం, వాడొక్కడికీ పెట్టకపోతే పసిమనసు చిన్నబుచ్చుకుంటుందని.

పది నిమిషాల్లో వాడు పెదవి రుద్దుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత వాంతి. ఆ తర్వాత ఆగకుండా దగ్గు, గొంతు బొంగురు. టీచరు నాకు ఫోన్ చేసి "బాబుకి ఆయాసం వచ్చినట్టుంది, ఇన్‌హేలరు బీరువాలో ఉంది, మేడం లేరు" అంటుంటే వెనక ఆయమ్మ గొంతు వినిపిస్తోంది: "ఇది ఆయాసం కాదమ్మా, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి." నేను బ్యాంకులో కౌంటర్ దగ్గర ఉన్నాను. దగ్గర్లో ఉన్న హాస్పిటల్‌కి తీసుకెళ్లండి అని అరిచానట, నాకు గుర్తులేదు. నా మాట పూర్తవకముందే ఆయమ్మ వాణ్ణి చంకనేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా, సందు చివర ఉన్న క్లినిక్‌కి పరిగెత్తింది. అక్కడి డాక్టరు చూడగానే, ఎలర్జీ ఇలా ముదిరినప్పుడు ముందుగా ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ తొడకి చేశారు. నేను వెళ్లేసరికి వాడు నీరసంగా ఆవిడ ఒళ్లో పడుకుని ఉన్నాడు, ఊపిరి సర్దుకుంది. ఆవిడ రెండు పాదాలూ మట్టి. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టొచ్చు కాబట్టి సాయంత్రం దాకా పెద్ద హాస్పిటల్లో కళ్లముందే ఉంచుకున్నారు.

ఆ సాయంత్రం ఆవిడ హాస్పిటల్‌కి వచ్చి నా చేతులు పట్టుకుని, "ఏరేశానమ్మా, అన్నీ ఏరేశాను" అంటూనే ఉంది. ఆ మాట నాలోకి బాగా దిగింది. వాడి మీద ప్రేమ ఉంది, పడదన్న సంగతి గుర్తుంది, జాగ్రత్తా పడింది. పలుకు తీసేసినా దాని పొడి, నూనె బూందీకి అంటుకునే ఉంటాయని మాత్రం ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. బీరువాలో ఉన్న కాగితంలో కూడా "జీడిపప్పు పెట్టరాదు" అన్న అర్థం వచ్చే ఒక్క ఇంగ్లీషు వాక్యం ఉంది, అంతే.

మర్నాడు స్కూలుకి వెళ్తే ప్రిన్సిపాల్ మేడం నిజంగా భయపడిపోయి ఉన్నారు. "ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంచుకోండి మేడం, మాకు ఇంత బాధ్యత కష్టం" అన్నారు. మా ఆయన కోపంతో వేరే స్కూలు చూద్దామన్నారు. నాకు మాత్రం అప్పటికే ఒకటి అర్థమైంది: ఏ స్కూలుకి వెళ్లినా అక్కడా ఒక బీరువా ఉంటుంది, అక్కడా ఒక ఆయమ్మ ఉంటుంది. చెప్పులు లేకుండా పరిగెత్తిన మనిషి ఇక్కడ ఉంది. నెల రోజులు సమయం ఇవ్వండి, నేను వచ్చి కూర్చుంటాను, అప్పటికీ కుదరదంటే మానిపిస్తాను అని మేడంని అడిగాను. ఒప్పుకున్నారు. అందుకు ఆవిడకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మొదట కాగితం. డాక్టరు గారు రాసిందాన్ని నేను తెలుగులోకి మార్చి తీసుకెళ్లి ఆయమ్మ చేతికిచ్చాను. ఆవిడ ఏడో తరగతి దాకా చదువుకుంది, కూడబలుక్కుని చదువుతుంది. "శ్వాస తీసుకోవడంలో ఇబ్బంది తలెత్తినచో" అన్న చోట ఆగి, "అంటే డొక్కలు ఎగరేస్తేనా అమ్మా?" అంది. అవును. మరి అదే రాయొచ్చు కదా. ఆ మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఇద్దరం కింద కూర్చుని కాగితం మొత్తం మళ్లీ రాశాం. "పెదవులు నీలిరంగులోకి మారుట" పోయి "పెదాలు నేరేడుపండు తిన్నట్టు కనిపిస్తే" వచ్చింది. "మాట్లాడలేకపోవుట" పోయి "పాట పాడుతూ మధ్యలో ఊపిరి అందక ఆపేస్తే, రెండు మాటలకోసారి ఆగితే" వచ్చింది. పిల్లలతో రోజూ ఉండే మనిషికి లక్షణాలు ముందే తెలుసు; వాటికి మనం పెట్టిన పేర్లే తెలియవు. ఒక విషయం ఆవిడే కలిపింది. వాడు ఆయాసం మొదలయ్యే ముందు ఆట మానేసి గోడకి ఆనుకుని కూర్చుంటాడట, అరగంట ముందే. తల్లినైన నేను ఎప్పుడూ గమనించలేదు.

కొత్త కాగితంలో రెండు భాగాలు పెట్టాం, నీలం అంచుతో ఆయాసానికి, ఎర్ర అంచుతో ఎలర్జీకి. ఆయాసం వైపు డాక్టరు గారి మాట ప్రకారం: కూర్చోబెట్టాలి, సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు, ఒకదాని తర్వాత ఒకటి, స్పేసరుతో; 20 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ నాలుగు ఇచ్చి, 108కి ఫోన్. పెదాలు రంగు మారినా, మాట రాకపోయినా ఆ 20 నిమిషాలు ఆగకుండా వెంటనే 108. ఇది మావాడి బరువు, వయసు చూసి మా డాక్టరు గారు రాసింది, మీ పిల్లలకి మీ డాక్టరు రాసిందే వాడాలి. ఎర్ర వైపు: జీడిపప్పు తిన్నాడన్న అనుమానం ఉండి దద్దుర్లతో పాటు వాంతి, దగ్గు, గొంతు మార్పు, వడిలిపోవడం ఏదున్నా ఇన్‌హేలరుతో కాలయాపన చేయొద్దు, దురదకిచ్చే సిరప్ తాగించి చూద్దామని ఆగొద్దు, అడ్రినలినే ముందు. పడుకోబెట్టాలి, ఊపిరాడక ఇబ్బంది పడుతుంటే కూర్చోనివ్వాలి. నడిపించకూడదు.

అడ్రినలిన్ దగ్గరే మాకు చాలా రోజులు పట్టింది. విదేశాల్లో స్కూళ్లలో ఉంచే, తొడకి అదిమితే చాలు దానంతట అదే గుచ్చుకునే పెన్ను లాంటిది మా ఊళ్లో నేను తిరిగిన ఏ మందుల షాపులోనూ దొరకలేదు. మందుండే మామూలు చిన్న గాజుబుడ్డి (ఆంప్యూల్), సిరంజి ఉన్నాయి. మోతాదు కిలో బరువుకి 0.01 మిల్లీగ్రాము, 14 కిలోల మావాడికి 0.14 మిల్లీగ్రాము, అంటే 1 మిల్లీగ్రాము మందుండే 1 మి.లీ. ఆంప్యూల్‌లో దాదాపు ఏడో వంతు. అది చేత్తో కొలిచి గుచ్చడం టీచర్లకి భయం, వాళ్ల భయం న్యాయమైనదే. అందుకని సందు చివరి క్లినిక్ డాక్టరు గారిని కలిసి కాగితం కాపీ ఒకటి అక్కడ ఇచ్చాం. స్కూలు వాళ్లు బాబుతో లోపలికి వచ్చీ రాగానే చీటీ, వరుస లేకుండా చూస్తామని డాక్టరు గారు అన్నారు. ఎన్ని గంటలకు తెరుస్తారు, భోజనానికి ఎప్పుడు వెళ్తారు కూడా రాసుకున్నాం. క్లినిక్ మూసి ఉండే సమయానికి ఎటు వెళ్లాలో, ఏ ఆటో అతను గేటు దగ్గర ఉంటాడో అదీ కాగితంలో ఉంది. నేనూ మా ఆయనా ఇంజెక్షన్ చేయడం డాక్టరు గారి దగ్గర నేర్చుకున్నాం.

మందుల పెట్టె బీరువాలోంచి బయటికొచ్చింది. పిల్లలకి అందనంత ఎత్తులో, పెద్దవాళ్లు చెయ్యి చాపితే అందేట్టు తరగతి గది గోడకి మేకు కొట్టి తగిలించారు. తాళం లేదు. పైన వాడి ఫొటో. పక్కన కాగితం. ఎండ తగలని గోడ చూసి పెట్టాం.

స్పేసరు వాడటం ఒక గుడ్డబొమ్మ మీద నేర్పాను. ఇన్‌హేలరు బాగా ఊపడం, మాస్కు ముక్కూ నోరూ కప్పేలా సందు లేకుండా ఆనించడం, ఒక్కసారి నొక్కడం, ఆరు ఊపిర్లు లెక్కపెట్టడం, అర నిమిషం ఆగి మళ్లీ ఊపి రెండోది. నాలుగూ ఒకేసారి నొక్కేస్తే మందు స్పేసరు గోడలకే అంటుకుంటుందని చెబితే టీచర్లు ఆశ్చర్యపోయారు. ఆయమ్మ మొదటి వారమే స్పేసరుని కడిగి, కొంగుతో తళతళలాడేట్టు తుడిచి పెట్టింది. ప్లాస్టిక్కుని గుడ్డతో రుద్దితే దానికి మందుని పట్టి ఉంచే గుణం వస్తుంది, సబ్బునీళ్లలో ముంచి అలాగే గాలికి ఆరనివ్వాలి అని చెప్పాను. ఆ తర్వాత ప్రతి శనివారం వంటింటి గట్టు మీద బోర్లించి ఉండేది. నెలకోసారి, చెప్పా పెట్టకుండా, మేడం బొమ్మని తెచ్చి "వీడికి ఆయాసం వచ్చింది" అనేవారు. ఎవరు దగ్గరుంటే వాళ్లు చేసి చూపించాలి. కొత్తగా చేరిన టీచరు కూడా మొదటి వారంలోనే.

ఇక గాలి. ఈ భాగం సులువు అనుకున్నాను కానీ అక్కడే ఎక్కువ మాటలు పడాల్సి వచ్చింది. ఆ స్కూలు ఒక డాబా ఇంట్లో ఉంటుంది. వెనక గదిలో వానాకాలం గోడ చెమ్మెక్కి నల్లటి మచ్చలు. పిల్లలు పడుకునేది ఆ గదిలోనే. మధ్యాహ్నం నిద్రకి దోమల చుట్ట వెలిగించేవారు, పొద్దున ప్రార్థనకి అగరొత్తులు, శుక్రవారం సాంబ్రాణి. వీటిలో ఏదీ చెడు ఉద్దేశంతో చేసేది కాదు. దోమలు కుట్టకూడదు, దేవుడికి ధూపం వేయాలి, నేల శుభ్రంగా ఉండాలి. నేను మేడంతో ఒకటే అన్నాను: దీపం పెట్టుకుందాం, పూలు పెట్టుకుందాం, పొగ మాత్రం పిల్లలు వెళ్లిపోయాక వేసుకుందాం. దోమల చుట్టకి బదులు కిటికీలకి జాలీలు కొట్టించారు, ఖర్చు తలా కొంచెం పంచుకున్నాం. పిల్లలు ఉండగా చీపురుతో ఊడవడం ఆపి, వాళ్లు రాకముందే తడిగుడ్డతో తుడవడం మొదలైంది. ఫినాయిలు సాయంత్రానికి మారింది. చెమ్మ గది సామాను గది అయింది, పడక ముందు గదికి వచ్చింది. దుమ్ము పీల్చుకునే కార్పెట్ తీసేసి, తుడవడానికి వీలైన మ్యాట్లు పరిచారు. బొచ్చు బొమ్మల్ని ఉతికి ఎండబెట్టారు, ఉతకలేనివి తీసేశారు.

గుంటూరులో ఇంకొకటి ఉంది. మిర్చి సీజన్‌లో యార్డుకి వెళ్లే లారీలు ఆ రోడ్డు మీదే పోతాయి. ఆ ఘాటుకి మామూలు పిల్లలే తుమ్ముతారు. లారీలు ఆపలేం. ఆ నెలల్లో బయటి ఆటని రద్దీ లేని పొద్దుటి వేళకి జరిపారు, రోడ్డు వైపు కిటికీలు మూసి పెరటి వైపువి తెరిచారు. గేటు దగ్గర ఆటోలు ఇంజను ఆపి నిలబడాలని మేడం చెప్తే ఆటో వాళ్లు వెంటనే విన్నారు. వాళ్ల పిల్లలూ ఇద్దరు అక్కడే చదువుతున్నారు.

తిండి దగ్గరికి వచ్చేసరికి తల్లిదండ్రుల మీటింగ్ పెట్టాల్సి వచ్చింది. "ఒక్క పిల్లాడి కోసం మా పిల్లల పుట్టినరోజు కేకు మానాలా?" అని ఒకావిడ అడిగారు. ఇంకొకరు ఉబ్బసం అంటుకుంటుందేమోనని మెల్లగా అడిగారు. అంటుకోదని చెప్పాను. కేకు ప్రశ్నకి నా దగ్గర వాదన లేదు. లడ్డూ రోజు ఏం జరిగిందో జరిగినట్టు చెప్పాను. నేను చెబుతుండగా వెనక కూర్చున్న ఆయమ్మ లేచి, "ఏరేస్తే చాలనుకున్నానమ్మా నేను" అంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మరో తల్లి తన పాపకి గుడ్డు పడదని, స్కూల్లో చెబితే చేర్చుకోరేమోనని ఇన్నాళ్లూ దాచానని చెప్పింది. ఆ గదిలో నేనొక్కదాన్నే కాదని అప్పటిదాకా నాకు తెలియదు.

స్కూలు గేటుకి "ఇక్కడ జీడిపప్పు నిషేధం" అని బోర్డు పెడదామని ఒకరు అన్నారు. నేను వద్దన్నాను. మన ఇళ్లలో ఉప్మాలో, పొంగల్లో, పనీర్ కూర గ్రేవీలో, ఎందులో జీడిపప్పు లేదు? ఎవరో ఒకరు మర్చిపోతారు, బోర్డు చూసి ధీమాగా ఉన్న రోజే అది జరుగుతుంది. అంతకన్నా ఎవరి డబ్బా వాళ్లు తినడం, పంచుకోకపోవడం, తిన్నాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవడం పట్టుగా పాటించొచ్చు. శానిటైజర్ క్రిముల్ని చంపుతుందే గానీ అంటుకున్న జీడిపప్పుని తీయదు, సబ్బూ నీళ్లే తీస్తాయి. పుట్టినరోజుకి తినేవి కాకుండా క్రేయాన్లు, స్టిక్కర్లు పంచుదామన్నారు. ప్రసాదం పొట్లం కట్టి సాయంత్రం తల్లిదండ్రుల చేతికే ఇవ్వాలి. స్కూలు తరఫున బిస్కెట్లు ఇచ్చే రోజున ప్యాకెట్ వెనక చదవాలి. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం పాలు, గుడ్డు, వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, సోయా, చేప వంటివి ఉంటే ప్యాకెట్ మీద విడిగా చెప్పాలి. బేకరీలో తూకానికి ఇచ్చేవాటికి ఆ చీటీ ఉండదు, కాబట్టి అవి వద్దనుకున్నాం. మావాణ్ణి భోజనానికి వేరే మూల కూర్చోబెడతామంటే మాత్రం నేను ఒప్పుకోలేదు. వరస చివర, ఒక వైపు ఆయమ్మ, ఇంకో వైపు వాడి స్నేహితుడు. ఆ పిల్లాడి వాళ్లమ్మ డబ్బాలో ఏం పెట్టిందో రోజూ నాకు మెసేజ్ పెట్టేది. ఎవరూ అడగలేదు, తనంతట తనే.

సంక్రాంతికి ఏటా ఆవరణలో పిడకలతో చిన్న భోగి మంట వేసి, పిల్లలకి పట్టుబట్టలు కట్టి చుట్టూ తిప్పుతారు. ఆ ఏడాది టీచర్లు ఎర్ర, పసుపు రంగు కాగితాలు చీల్చి, కింద చిన్న ఫ్యాన్ పెట్టి మంటలా ఎగిరేట్టు చేశారు. రేగుపళ్లు, చిల్లర, బంతిపూల రేకులతో భోగిపళ్లు మాత్రం ఎప్పటిలాగే పోశారు. మావాడు ఆ కాగితపు మంట చుట్టూ ఆపకుండా గంతులేశాడు. అంతకుముందు ఏడాది ఇంటి ముందు భోగి మంట వేస్తుంటే కిటికీ అద్దంలోంచి చూశాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున పదకొండున్నరకి స్కూలు నుంచి ఫోన్. నా చేతిలో పని జారిపోయింది. ఆయమ్మ మాట్లాడింది. "కంగారు పడకండమ్మా. ఆట మానేసి గోడ దగ్గర కూర్చున్నాడు. చొక్కా ఎత్తి చూశాను, డొక్కలు కొంచెం ఎగురుతున్నాయి. నాలుగు ఇచ్చాను, ఒక్కోదానికి ఆరు లెక్కపెట్టాను. ఇప్పుడు డొక్కలు ఎగరట్లేదు. ఇదిగో మాట్లాడతాడు." ఫోన్లో వాడు "అమ్మా, బొమ్మకి కూడా పెట్టాం" అన్నాడు. సాయంత్రం వెళ్తే పెట్టె పక్కన వేలాడే నోటుపుస్తకంలో ఆవిడ అక్షరాలతో తేదీ, "11.10కి 4", కింద "11.30 బాగుంది" అని ఉంది.

మావాడు వచ్చే జూన్‌లో పెద్ద స్కూల్లో ఎల్‌కేజీకి వెళ్తున్నాడు. మొన్న అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు అక్కడి ఆఫీసులో కాగితం ఇస్తే తీసుకుని ఫైల్లో పెట్టారు. తరగతిలో ఆయమ్మ ఎవరండీ, ఒకసారి కలవొచ్చా అని అడిగాను. ఈ సంగతి చెబితే మా ఆయమ్మ ఒక ఆదివారం తనే వస్తానంది, ఆ ఆయమ్మకి తను చేసి చూపిస్తానని. గుడ్డబొమ్మని ఉతికి ఆరేసి, సంచిలో పెట్టి ఉంచింది.